నలభై చెట్లకు ఒక డబ్బా

మా వీధి మొగదాల బలదియావాళ్లు, అంటే మునిసిపాలిటీవాళ్లు, పెద్ద బొమ్మ నిలబెట్టిన ఎండాకాలం అది. రెండువేల పదహారు. బొమ్మలో ఉండేది కువైట్‌లో మా జహ్రా వీధే, మా ఇండ్లే. కానీ రెండు పక్కలా చెట్లు కమ్ముకోని, నేలంతా నీడ. ఆ నీడలో పిల్లోళ్లు సైకిళ్లు తొక్కుతాండారు, ఒక ముసలాయన బెంచీ మీద కూచోని నవ్వుతాండాడు. దీపాల స్తంభాల మీద ఎండను పట్టే నల్లటి పలకలు. చెత్తకు మూడు రంగుల డబ్బాలు. నేను పాలకని బకాలా అంగడికి పోయినప్పుడల్లా ఆ బొమ్మ ముందర నిలబడిపోతాంటి. దుమ్ము లేచిన పొద్దు ఆకాశమూ నేలా ఒకటే రంగైపోతే, ఆ బొమ్మొకటే పచ్చగా గాల్లో తేలుతాండె. రెండడుగులు ముందుకేస్తే అందులోకి పోవచ్చునేమో అనిపిస్తాండె.

"ఏంటక్కా, సినిమా పోస్టరనుకున్నావా?" అని పక్కింట్లో పనిచేసే హెలెన్ ఎగతాళి చేసింది. ఆయమ్మిది కోనసీమ.

"మనం యాడుండామో అని వెతుకుతాండా," అన్నా.

నిజంగానే వెతికినా. అంత పెద్ద బొమ్మలో పనిమనిషి ఒక్కతీ లేదు.

నా పేరు రెడ్డెమ్మ. మాది రాయచోటి కాడ పల్లె. ఆ ఇంట్లో నా పని ముసలామెను చూసుకునేది. ఇంటామెను అందరి మాదిరే మామా అంటి. ఆమె అత్తను మాత్రం మా పక్క మాటలో 'అవ్వా' అని పిలిచినా. ముసలామె రెండు నాళ్లు మొగం చిట్లించుకోని, మూడోనాడు పలికింది. ఆ తర్వాత నేను ఇంకో రకంగా పిలిస్తే చెవుడొచ్చినట్ల కూచుంటాండె. అంత రాణి ఆమె.

మార్చి నెలలో బలదియా ఇంజనీరమ్మ మా ఇంటి హాల్లోనే వీధివాళ్లకు మీటింగు పెట్టింది. చిన్న వయసు, నల్ల అబాయా, చేతిలో పలకంత కంప్యూటరు. నేను చాయ్ తీసకపోయి, గోడకానుకోని రోంతసేపు విన్నా.

"ఇన్నాళ్లూ మన ఊరి దప్పిక మనకు తెల్దు. ఇంగ భూమే చెప్తాది. ఎంత కావల్లనో అన్ని నీళ్లే పోతాయి, చుక్క వృథా కాదు. ఈ వీధి బాగా వస్తే జహ్రా అంతా ఇట్లనే చేస్తాం," అనింది.

నాకు ఒళ్లు జలదరించింది. మా పక్క భూమి ఎన్నేండ్లాయ నోరు తెరిచి అడుగుతాండేది, ఎవురు విన్నారు? హాల్లో మొగోళ్లు మాత్రం చెట్లొస్తే కార్లు యాడ నిలపల్లని కొట్లాడుకున్యారు.

వారంలో నలభై మొక్కలు నాటిరి. వీధి పొడుగునా నల్ల పైపు పరిచి, చెట్టు చెట్టుకూ ఒక సన్న బొక్క పెట్టిరి. మా గేటు ముందర మొక్క మొదట్లో ఒక ఆకుపచ్చ డబ్బా మట్టిలోకి దిగ్గొట్టిరి. దానికి వేలంత తోక. అదేందో మాకెవురూ చెప్పల్యా. నేను ఎలకల మందు పెట్టినారనుకున్యా.

మా గేటు ముందరది సిద్ర్ చెట్టు. ఆకు చూస్తానే గుర్తుపట్టినా, అది మన రేగి జాతే. ముల్లు కూడా ఉండాది. "అవ్వా, ఇది మా ఊరి చెట్టు," అంటే, "కాదు, మా ఊరిది," అనింది ఆమె. ఇద్దరమూ కొట్లాడుకోని నవ్వుకున్యాము. ఆమె చిన్నప్పుడు జహ్రా అంతా తోటలంట. బావులుండేవంట, గాడిదలు మోట లాగుతాంటే గిలక చప్పుడుకు నిద్ర లేస్తాండెనంట. మా తాత కపిల తోలుతాండె అని నేను చెప్పినా. సాయంత్రం ఆమె చక్రాల కుర్చీని గేటు కాడ పెట్టుకోని, ఆమె అరబ్బీలో, నేను వచ్చీరాని అరబ్బీలో, ఎప్పుడో పూడిపోయిన బావుల నీళ్లు తోడుకుంటా కూచుంటాంటిమి. ఎండ దిగే ఏళకు ఆ సన్న మొక్క నీడ వీధి అవతలి దాకా సాగేది. ఆ నీడ పొడుగు చూసి అవ్వ, "పెద్దదైపోయింది," అంటాండె.

చెట్లను చూసుకోను కంపెనీవాళ్లు పెట్టిన మనిషి చిన్నపుల్లయ్యన్న. లక్కిరెడ్డిపల్లె ఆయప్ప, యాభై దాటినాడు. కువైట్‌కొచ్చి పందొమ్మిదేండ్లు. ఎడారిలో గొర్రెలు కాసినాడు, అర్దియాలో మూటలెత్తినాడు, ఇసుక మోసినాడు. "ఇన్నేండ్లకు నాకు చేతనైన పని దొరికింది మ్మే," అంటాండె. పొద్దున్నే వచ్చి నలభై మొక్కలనూ తాకి చూసేవాడు, బిడ్డకు జొరమొచ్చిందేమో అని చూసినట్ల. ఆరున్నరకు మా గేటు కాడ నిలబడి నేనిచ్చే చాయ్ తాగి పోతాండె.

ఒకనాడు అవ్వ ఆయప్పను అడిగింది, పైపులో వచ్చేవి ఏం నీళ్లని. నేను మాట మార్చి చెప్పినా.

"మురుగు నీళ్లే. మిషన్లో కడిగి పంపిస్తారు. మంచిదే, చెట్లకు బలం," అన్యాడు పుల్లయ్యన్న.

అవ్వ మొగం మాడిపోయింది. సిద్ర్ అంటే వాళ్లకు పవిత్రమైన చెట్టు. "నా గుమ్మం ముందర సిద్ర్‌కు ఆ నీళ్లా! హరాం," అనింది.

ఆ దినమే మొదలాయ మా ఇద్దరి పని. అవ్వ కుర్చీలోంచి లేయలేదు. నమాజుకు ముందర ఆమె చేతులూ మొగమూ కాళ్లూ కడుక్కుంటే, ఆ నీళ్లు కింద పడకుండా నేను పెద్ద తాంబాళంలో పడతాంటి. ఐదు పూటలే గాదు, పొద్దెక్కినాక ఇంకోటి కూడా చేసేదామె. అన్నీ కలిపితే దినానికి బిందె కంటే ఎక్కువే. అవి మోరీలో పోసేటప్పుడు ఎప్పుడూ నాకు మా ఊరే గుర్తొస్తాండె. మా పల్లెలో ఆ బిందె కోసరం ట్యాంకరు కాడ జుట్లు పట్టుకుంటాము. ఇంగ అవ్వే సిద్ర్‌కు పోయమంటే, పండగే గదా. దానికి తోడు ఏసీ పైపు కింద బకెట్టు పెట్టినా. అవీ ఆ చెట్టుకే.

మామాకు తెలీనీయల్యా. ఇంటి నీళ్లు గేటు దాటితే జరిమానా అని బలదియావాళ్లు కాగితం అంటించినారు, కొత్త మీటరు కూడా పెట్టినారు. మామా ఆ కాగితం చూపించి నాకు ఒకటికి రెండుసార్లు చెప్పింది. ఆగస్టు ఆఖరుకు నా ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండను కాగితం, ముగిసిపోతాది, ఆమె సంతకం పడకపోతే నేను ఇంటికే. అయినా ఇవి కడిగిన నీళ్లు గదా, కుళాయివి గావు గదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్యా. వంటింటి వాకిలి గుండా పోయి, గబుక్కున పోసి వస్తాంటి. సిద్ర్ చిగురు మీద చిగురేసింది.

జూలై నడిమికి వీధి ఆ కొన నుంచి మొక్కలు మాడను మొదలుపెట్టినాయి. ఆకులు ముడుచుకోని, ముట్టుకుంటే రాలిపోతాండాయి. పుల్లయ్యన్నకు తిండి సయించల్యా.

"నీళ్లు రావడంల్యా మ్మే. పైపు ఎండి గలగలమంటాంది."

"ఫోర్మన్‌కు చెప్పల్యానా అన్నా?"

"చెప్పకుండా ఉంటానా? ఫోన్లో చూసి, 'నేల తడిగా ఉందని స్క్రీన్ చెప్తాంది, నువ్వు మిషన్ కంటే మొనగాడివా' అంటాడు. నీళ్లు తిప్పేది ఆఫీసులో. నేను ముట్టుకుంటే ఉద్యోగం ఊడుతాది." సిద్ర్ దిక్కు చూసి, "నీదొక్కటే బాగుండాది," అన్యాడు.

"దిష్టి పెట్టొద్దన్నా. గేటు నీడన ఉండాది గదా, అందుకే," అన్నా. మామా చెవిన పడుతాదని భయం. లోపల మాత్రం నాకు గర్వం, ఎందుకు దాచల్ల!

జూలై ఆఖర్న ఒక పొద్దు, తొమ్మిదికి, ఇంజనీరమ్మా ఫోర్మనూ మా గేటు ముందర దిగినారు, పుల్లయ్యన్ననూ పిలిపించుకున్యారు. మామా గేటు బయటికి వచ్చి వాళ్ల కాడ నిలబడింది. నేను అప్పుడే అవ్వ కడుక్కున్న నీళ్ల తాంబాళం రెండు చేతులా పట్టుకోని వంటింటి వాకిట్లోంచి వస్తాంటి. మనుషులను చూసి గోడ చాటున ఆగినా.

ఇంజనీరమ్మ డబ్బా కాడ వంగి మట్టి పిసికింది. "ఈడ బురదగా ఉండాది. మిగతా వీధంతా ఎండిపోయింది. తడి కొలిచే మిగతా డబ్బాలు యాడ?"

ఫోర్మన్ నీళ్లు నమిలినాడు. "ఇదొక్కటే పెట్టినాము."

"నలభై చెట్లకు ఒక్కటా? నేను పది రాసిచ్చినా! ఇదొక్కటి తడి అంటే వీధంతా నీళ్లు ఆగిపోతాయి, తెల్దా మీకు?"

నా చేతుల్లో తాంబాళం ఒరిగింది. నీళ్లు నా కాళ్ల మీద పడినాయి. నాకు అరబ్బీ అంతంతే. ఆ మాట మాత్రం ప్రతి అక్షరమూ అర్థమైంది.

ఫోర్మన్ తన తప్పు కప్పుకోవల్ల గదా, పుల్లయ్యన్న మీదికి తిరిగినాడు. "ఈ మనిషి రోజూ ఈడ చాయ్ తాగుతాడు. చాయ్ పోసే ఇంటి చెట్టుకు మాత్రం నీళ్లు పట్టి, మిగతావి వదిలేసినాడు. అందుకే మిషన్ మోసపోయింది."

పుల్లయ్యన్నకు హిందీలో చెప్తే ఆయప్ప తెల్లబోయినాడు. "నా బిడ్డల మీద ఒట్టు సార్. ఒక్క చుక్క పోయల్యా." ఇటు తిరిగి గోడ చాటున నన్ను చూసినాడు. "రెడ్డెమ్మా, నువ్వన్నా చెప్పు తల్లీ. దినామూ చూస్తాండావు గదా. నేను ఎప్పుడన్నా పోసినానా?"

అందరూ నా దిక్కు చూసినారు. తాంబాళం గోడ చాటునే దించి ముందుకొచ్చినా.

"లేదు. ఆయప్ప పోయల్యా," అన్నా.

"మరి ఎవురు పోసినారు?" అనింది ఇంజనీరమ్మ.

మామా నా మొగమే చూస్తాండాది.

"నాకు తెల్దు," అన్నా.

ఫోర్మన్ పుల్లయ్యన్నను పికప్పులో ఎక్కించుకోని అల్ రాయ్‌లో కంపెనీ గోడౌనుకు తీసకపోయినాడు. వీసా కాన్సిల్ చేసి ఊరికి పంపిస్తారంట. బండి మలుపు తిరిగేదాకా ఆయప్ప వెనక్కు తిరిగి చెట్లనే చూస్తాండె.

నా తప్పు నేనే దిద్దుకుంటానని ఆ దినమే ఒట్టేసుకున్యా. ఏసీ బకెట్టు తీసేసినా. తాంబాళం నీళ్లు కొంగు చాటున మోసకపోయి, ఆ కొనలో మాడిపోయే మొక్కలకు ఒకదానికి ఒక పూటగా పోసినా. ఎండ నెత్తిన దబదబ కొడతాండె. ఆ డబ్బా ఎండితే నీళ్లు తిరుగుతాయని సిద్ర్‌కు చుక్క పోయల్యా. నాలుగో దినం అవ్వ పట్టేసింది.

"నా చెట్టుకు పోస్తాండావా?"

"పోస్తాండా అవ్వా."

"పోయి దాని మన్ను చిటికెడు తీసకరా."

తీసకొచ్చి అరచేతిలో పెట్టినా. వేళ్లతో నలిపి చూసింది. పొడి. ఆ మన్ను నా చేతిలోనే తిరిగి పోసి, మొగం గోడ దిక్కు తిప్పుకునింది. ఆ సాయంత్రం బావుల మాట ఎత్తల్యా, మర్నాడూ ఎత్తల్యా. నాకు ఏడుపొచ్చింది. నిజం చెప్తే ఆమె ఊరుకునే మనిషి గాదు, మామా కాడికే పోతాది. అందుకే చెప్పల్యా.

ఎనిమిదో దినం తెల్లారుతాంటే బయట ఏదో సన్నంగా సుయ్‌మంటాంది. గేటు తెరిచినా. వీధి పొడుగునా, చెట్టు చెట్టు కాడ, నీళ్లు! పొగమంచు మాదిరి తేమ దిగిన పొద్దు అది, దీపాలింకా ఆరల్యా, ఎవురూ లేయల్యా. ఎండిన మన్ను నీళ్లు తాగే వాసన లేచింది. మా ఊరి తొలకరి వాసనే అది. చెప్పులు లేకుండా ఆ కొనదాకా పోయినా, ఈ కొనదాకా వచ్చినా. నిద్రలో ఉండానో మెలకువలో ఉండానో తెల్దు. నవ్వుతా ఏడ్చినా.

"చూశావా అక్కా, నోరు మూసుకున్నదే మంచిదయ్యింది," అనింది హెలెన్. ఆయమ్మికి ఒక్కదానికే చెప్పుకోనుంటి. "చెప్పుంటే మీ మామా టికెట్టు కోయించేసేది. ఇప్పుడింక ఏ గొడవా లేదు కదా!"

అవును గదా అనుకున్యా. ఇంగ పుల్లయ్యన్నను వెనక్కు పంపిస్తారు, అంతే. ఆ పొద్దే పికప్పు వచ్చింది. దిగింది ఎవరో బంగ్లాదేశ్ ఆయప్ప. ఫోర్మన్ తడి పైపును కాలితో తన్ని, మా మామాతో నవ్వుతా అన్యాడు:

"చూసినారా మేడమ్? ఆ మనిషి పోయినాడు, నీళ్లు వచ్చినాయి. నేను చెప్పలే? గురువారం విమానం ఎక్కిస్తాండాము."

నేను దిద్దుకున్న తప్పే ఆయప్ప మీద సాక్ష్యమైపోయింది. నేను నోరు మూసుకుంటే ఒక పాపం. మూసుకోని చెట్లు బతికిస్తే ఇంకా పెద్ద పాపం. ఆ దినమంతా అన్నం ముట్టల్యా. ఇఖామా పోతే పోనీ, పల్లెకు పోతే పోతా, సంగటి లేకుండా చావను గదా అని రాత్రంతా నన్ను నేనే తిట్టుకున్యా.

పొద్దున అవ్వ కాళ్ల కాడ కూచోని అంతా చెప్పేసినా. తాంబాళం, డబ్బా, 'నాకు తెల్దు' అన్న మాట, అన్నీ.

"నువ్వు నా చెట్టును మర్చిపోయినావనుకున్యా," అనింది అవ్వ. తర్వాత, "అబాయా తీసకరా. యల్లా, పోదాం," అనింది.

మామా ముందర నేను నోరు తెరిచేలోపలే అవ్వ అందుకునింది. మామా ఎర్రబారింది. "ఇంటి నీళ్లు బయట పోయొద్దని నీకెన్నిసార్లు చెప్పినా రెడ్డెమ్మా?"

"నీళ్లు నావి, చేతులు నావి, పోయమన్న నోరూ నాది," అనింది అవ్వ. "దాన్ని తిట్టేదుంటే నన్ను తిట్టు. ముందు ఫోన్ చెయ్యి."

ఇంజనీరమ్మ గంటలో వచ్చింది. నేను చెప్తాంటే నమ్మల్యా. "కడిగిన నీళ్లకేనా? చూపించు," అనింది. నేను లోపలికి పోయి తాంబాళం పట్టినా. అవ్వ మళ్లా చేతులు కడుక్కునింది, నిదానంగా, ఒక్కో వేలూ. ఆ నీళ్లు తీసకొచ్చి సిద్ర్ మొదట్లో పోసినా. ఏసీ బకెట్టు కూడా నింపి తెచ్చి పోసినా. ఇంజనీరమ్మా మామా నేనూ ముగ్గురమూ నిలబడి చూస్తాండాము. రోంతసేపటికి ఇంజనీరమ్మ చేతిలో పలక మీద ఎర్ర చుక్క పచ్చగా మారింది. అప్పుడు వీధి ఆ కొన నుంచి ఈ కొన దాకా ఆ సుయ్‌మనే చప్పుడు ఆగిపోయింది. ఎంత నిశ్శబ్దమంటే, పక్కింట్లో హెలెన్ గిన్నెలు తోమేది వినపడింది.

ఇంజనీరమ్మ అబాయా ఎత్తుకోని గట్టు మీద కూలబడింది. నన్ను తిట్టల్యా. "ఈ వీధిలో ఎవురు యాడ నీళ్లు పోస్తారని నేను ఎవురినీ అడగల్యా," అనింది, తనలో తనే అనుకున్నట్ల. కంపెనీకి ఫోన్ చేసింది. ఫోర్మన్‌తో మాట్లాడేటప్పుడు ఆ చిన్న గొంతు గట్టిదైపాయ.

శుక్రవారం ఆమె మళ్లా మీటింగు పెట్టింది, అదే హాల్లో. ఈ సారి పిలిచింది మమ్మల్ని, పనిమనుషులనూ డ్రైవర్లనూ. మామా తనే చాయ్ తీసకొచ్చె. కార్లు ఎప్పుడు కడుగుతారు, వాకిలి కడిగిన నీళ్లు ఎటు పోతాయి, బియ్యం కడిగినవి ఏం చేస్తారు అని ఒక్కొక్కరినీ అడిగి రాసుకునింది. "ఆయ్, నన్ను కూడా రాశారండీ!" అని హెలెన్ రెండు దినాలు చెప్పుకోని తిరిగింది. పది డబ్బాలు వచ్చినాయి. సిద్ర్ కాడిది పీకేసి, పైపు బొక్క కూడా మూసి, "ఈ చెట్టు అవ్వది," అని రాసుకోని పోయింది ఇంజనీరమ్మ. నా ఇఖామా మీద మామా సంతకం చేసింది. ఏడు మొక్కలు చచ్చిపోయినాయి.

పుల్లయ్యన్న పదకొండో దినం వచ్చినాడు. గడ్డం మాసి, సగం మనిషయినాడు. నేను పరిగెత్తి పోయినా.

"నువ్వే చెప్పి విడిపించినావంట గదా," అన్యాడు.

"ఊ."

"చల్లగుండు తల్లీ." పోబోయి ఆగినాడు. "నీకు ఎప్పుడు తెలిసింది మ్మే?"

మొన్ననే అన్నా, అని చెప్పొచ్చు. నోటి దాకా వచ్చింది. ఆయప్ప నమ్ముతాడు కూడా. ఎవురేం చెప్పినా నమ్మే మనిషి.

"ఆ పొద్దే తెలిసింది," అన్నా. "నువ్వు నన్ను అడిగిన పొద్దే. నీళ్లు అప్పుడు నా చేతిలోనే ఉండె."

ఆయప్ప నా మొగం చూసినాడు. కోపం వస్తే బాగుండు, నాలుగు తిడితే బాగుండు అనుకున్యా. కోపం లేదు ఆ కండ్లల్లో.

"గోడౌన్లో పదకొండు దినాలూ," అన్యాడు మెల్లిగా, "రెడ్డెమ్మ ఉండాది, ఏం జరిగిందో ఆయమ్మ కనుక్కుంటాది, చెప్తాది అనుకుంటా పడుకుంటాంటి మ్మే."

పార తీసుకోని ఆ కొనలో మొదటి చెట్టు కాడికి పోయినాడు. నేను గేటు కాడనే నిలబడిపోయినా.